బ్యాటరీ కుర్చీలకు మరమ్మతు వసతి



వెన్నెముక దెబ్బతిన్నవారికి, కండరాల క్షీణత గలవారికి తమిళనాడు ప్రభుత్వము బ్యాటరీతో నడచు చక్రాల కుర్చీలను ఉచితముగా నిచ్చుచున్నది. ఉపకరణములు సమకూర్చుట ప్రభుత్వముల విధియని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము చెప్పుచున్నది. సంతోషమే. కాని కుర్చీ నిచ్చినంతనే బాధ్యత తీరదు.

మా పాత ఇండ్లలో గుమ్మములు ఇరుకు, గడపలు ఎత్తు. వాని కొలతలు చూడక తెచ్చిన కుర్చీ వీధి అరుగు దగ్గరనే ఆగిపోవును. సీసపు బ్యాటరీని ఛార్జి దిగిపోయిన పిమ్మట వారములతరబడి విడిచినచో పాడగును. వాడకున్నను ఛార్జి చేయుచుండవలెను. ఈ చిన్న సంగతులు చెప్పువారు లేకనే మా బంధువు కుర్చీ మూలబడినది. అంత బరువును మరమ్మతుకై రైలెక్కించుటెట్లు? కుర్చీ ఆగిననాడు ఆయన మరల మంచము పట్టినట్లే.

తిరువళ్ళూరు జిల్లా అధికారులు నెలకొకసారి తిరుత్తణిలో మరమ్మతు శిబిరము నడపవలెను. 1960లో చిత్తూరు జిల్లానుండి విడివడిన ఈ తాలూకాలో తెలుగు మాత్రమే చదువగల పెద్దలు ఇంకను కలరు. కావున వాడుక సూచనలను తెలుగున కూడ అచ్చువేయించవలెనని నా మనవి.

— ఒక చందాదారు, తిరుత్తణి