మందు మానేసింది అనే నింద ఎవరి మీద?

‘మందు మధ్యలో ఎందుకు మానేశావు?’ వెన్నుపూస విరిగి మంచమెక్కిన స్త్రీని ఆసుపత్రిలో ఇదే అడుగుతారు. ఇంట్లోనూ ఇదే మాట. మానేస్తే ఏమవుతుందో ఆమెకు ఎవరైనా చెప్పారా అని మాత్రం అడగరు.

ఎముకలు గుల్లబారడం ముసలితనపు బాధ అని మనకు నచ్చజెబుతున్నారు. మన దగ్గర అది ముసలితనం దాకా ఆగడం లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. తెలంగాణలో దాదాపు 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 9 మంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోయి ఎముక కరగడం మొదలవుతుంది. అండాశయాలు ఉంచినా అవి ముందుగానే పనిచెయ్యడం మానేసే ప్రమాదం ఉంది. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చెయ్యమని 2023లో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చింది. మరి ఆపరేషన్ అయిపోయినవాళ్ళ ఎముకల సంగతి చూసేదెవరు?

ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న మరిపెడనే తీసుకోండి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, తండాల నుంచి పత్తి ఏరడానికి, మిరప కొయ్యడానికి పోయే స్త్రీకి రోజంతా నడుం వంచితేనే కూలి. పెద్ద డాక్టరు కోసం ఖమ్మమో వరంగలో పోవాలంటే బస్సు చార్జీ, తన కూలి, తోడు వచ్చేవాళ్ళ కూలి అన్నీ లెక్కే. నొప్పి కాస్త తగ్గగానే ‘ఇంక చాల్లే’ అంటారు. ఇంటి ఖర్చుల్లో మొదట తెగేది ఆమె మందే.

అన్ని మందులూ ఒకటి కావు. వారానికోసారి పరగడుపున వేసుకునే అలెండ్రోనేట్ బిళ్ళ ఎముకలో నిలవ ఉంటుంది. కొన్నేళ్ళు వాడాక, ప్రమాదం తక్కువగా ఉంటే, డాక్టరే కొంతకాలం ఆపమనవచ్చు. ఆరు నెలలకోసారి చేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ అలాంటిది కాదు. అది ఆపేస్తే కూడిన బలం ఒకటి రెండేళ్ళలోనే పోతుంది. కొందరికి ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు విరుగుతాయి. అందుకే గడువు దాటనివ్వకూడదు, ఆపవలసి వస్తే దాని స్థానంలో మరో మందు మొదలుపెట్టాలి. రోజూ చేసుకునే టెరిపారటైడ్ కోర్సు ముగిశాక కూడా వేరే మందు వాడకపోతే వచ్చిన లాభం నిలవదు.

మందు మార్చడమే తప్పని మనం అనడం లేదు. కిడ్నీ జబ్బు, కడుపులో మంట, ఖర్చు వంటి కారణాలు ఎన్నో ఉంటాయి. మార్చే ముందు ఆమెకు చెప్పాలి, ఆమె మాట వినాలి. మొదటి సూది నాడే చెప్పవలసిన సంగతి దాచిపెట్టి, ఎముక విరిగాక ఆమెను దోషిని చేస్తే ఎలా ఊరుకుంటాం?

మందు పేరు, తర్వాతి సూది తేదీ, ఆపితే ఏం చెయ్యాలి అనే మూడు సంగతులూ చీటీ మీద తెలుగులో రాసివ్వాలి. గర్భసంచి ఆపరేషన్‌కు సంతకం పెట్టించుకునే ముందే ఎముకల గురించి చెప్పాలి. బీపీ, షుగర్ బిళ్ళల లాగే ఈ మందులూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరకాలి. వీటికోసం పోరాడదాం. ఈలోగా ప్రతి సంఘం మీటింగులో ‘నీ సూది తేదీ ఎప్పుడక్కా?’ అని అడుగుదాం. తోడు లేని అక్కకు మనమే తోడు వెళదాం.