డిడ్ ఉన్నచోట వెంట్ ఎందుకు?

హన్మకొండ నుంచి ఒక చెల్లెమ్మ ఉత్తరం రాసింది. పాప బళ్ళో టీచరుతో ‘మై డాటర్ డిడ్ నాట్ వెంట్ టు స్కూల్ యెస్టర్‌డే’ అన్నదట. పక్కనున్న ఇంకో తల్లి కిసుక్కున నవ్విందట. అప్పట్నుంచి మీటింగులకు వాళ్ళాయన్నే పంపుతోంది! 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చాక, ఈ బెరుకు చాలా ఇళ్ళలో ఉంది.

నవ్వినావిడ సంగతి వదిలెయ్యండి. నిన్నటి పని అని చెప్పే బాధ్యత ‘డిడ్’ ఒక్కటే మోస్తుంది. ఉప్పు ఒకసారి వేశాక మళ్ళీ వేస్తామా? అందుకని ‘డిడ్ నాట్ గో’. మన తెలుగూ అంతే. ‘వెళ్ళింది’ని కాదనాలంటే ‘వెళ్ళలేదు’ అంటాం. అందులో ‘వెళ్ళ’ అన్న మొదలే మిగిలింది చూశారా!

అసలు చిక్కంతా మన ‘అని’తోనే. ‘ఎక్కడికి వెళ్తున్నావు అని అత్తయ్య అడిగింది’ అంటాం. ఆ ‘అని’ ఎంత మంచిదంటే, ఎదుటివాళ్ళు అన్నమాటను అన్నట్టే తెచ్చి అప్పజెబుతుంది. ఇంగ్లీషులో అలాంటి ‘అని’ లేదు. మనమేమో అలవాటు కొద్దీ ‘షి ఆస్క్‌డ్ మి వేర్ ఆర్ యూ గోయింగ్’ అనేస్తాం. ప్రశ్న ఇంకో వాక్యంలో ఒదిగితే ప్రశ్న వరస పోవాలి. ‘షి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్’ అనాలి. ‘యూ’ కాస్తా ‘ఐ’ అయి ముందుకొచ్చింది, ‘ఆర్’ కాస్తా ‘వాజ్’ అయి వెనక్కెళ్ళింది. కాజీపేట స్టేషన్లో అడిగినా అంతే. ‘క్యాన్ యూ టెల్ మి వేర్ ద వెయిటింగ్ రూమ్ ఈజ్?’ ఆ ‘ఈజ్’ చివరికే పోవాలి.

‘నుంచి’ కూడా ఇలాగే మోసం చేస్తుంది. పదేళ్ళ నుంచి, 2015 నుంచి – మనకు రెండింటికీ ఒకటే మాట. ఇంగ్లీషులో మొదలైన రోజుకు ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’. ‘ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ వరంగల్ ఫర్ టెన్ ఇయర్స్.’ ‘ఐ యామ్ లివింగ్’ కుదరదు.

‘ఐ యామ్ హావింగ్ టూ చిల్డ్రన్’ కూడా తప్పే, ‘ఐ హావ్’ చాలు. కానీ దానికి నేనైతే నిద్ర మానుకోను. ‘నాకిద్దరు పిల్లలు’ అనడానికి మనకసలు క్రియే అక్కర్లేదు, పాపం ఎక్కడినుంచి తెస్తాం!

ఇంతకీ చెల్లెమ్మా, ఈసారి మీటింగుకు మీరే వెళ్ళండి. టీచరు బళ్ళోనే ఉంటుంది కాబట్టి ‘గో’ కంటే ‘కమ్’ నయం. ‘మై డాటర్ డిడ్ నాట్ కమ్ టు స్కూల్ యెస్టర్‌డే బికాజ్ షి హాడ్ ఫీవర్.’ ‘బికాజ్’ తర్వాత ‘డిడ్’ లేదు, అందుకే అక్కడ ‘హావ్’ కాకుండా ‘హాడ్’ వచ్చింది.