కల్లు సీసాలో నిద్రగోలీ: లాభం ఎవరికి, ప్రాణం ఎవరిది?

2025 సెప్టెంబరులో హైదరాబాద్ పాత బోయినపల్లిలోని ఓ ప్రయివేటు బడి భవనంలో ఆల్ప్రాజోలం తయారుచేస్తుండగా ఈగల్ పోలీసులు పట్టుకున్నారు. ఒక పక్క పిల్లలకు పాఠాలు, మరో పక్క మత్తుమందు తయారీ. ఆ సరుకు పోతున్నది పాలమూరు కల్లు దుకాణాలకేనని పోలీసులే చెప్పారు. కాబట్టి ఆత్మకూర్ ప్రాంత కూలి జనం దీన్ని పట్నం వార్తగా చదివి పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఆల్ప్రాజోలం డాక్టరు చీటీ మీద కొద్ది రోజులు మాత్రమే వాడవలసిన మందు. మామూలు గోలీలో పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో ఉంటుంది. లెక్క కట్టి చూడండి: ఒక్క కిలో పొడి అంటే 20 లక్షల అర మిల్లీగ్రాము గోలీలు! అంత సరుకు రోగుల కోసం తయారవుతున్నదని ఎవరైనా నమ్ముతారా?

చెట్టు ఇచ్చే కల్లుకు ఒక హద్దుంది. దుకాణంలో అమ్ముడుపోయే సీసాలకు హద్దు లేదు. ఈ రెంటికీ మధ్య తేడాను నీళ్లు, శాకరిన్, మత్తు పొడి పూడుస్తున్నాయి. ప్రాణాలకు తెగించి తాడెక్కే గీత కార్మికుడికి ఇందులో దక్కేదేమీ లేదు. అతని పేరు చెప్పుకుని సొమ్ము చేసుకునేది దుకాణాలను గుప్పిట పెట్టుకున్న కాంట్రాక్టర్లు.

ఇక తాగేవాడి సంగతి. జూరాల ఆయకట్టులో పొద్దంతా వంగి నాటేసిన మనిషికి, మట్టి తట్టలు మోసిన మనిషికి నడుం పట్టేస్తది. సీసా తాగితే నొప్పి మరుపుకొస్తది, నిద్ర పడ్తది. కొన్నాళ్లకు ఒక సీసా ఆనదు, రెండు కావాలె, మూడు కావాలె. ఇది అతని బుద్ధి లోపం కాదు. మెదడులో ఉద్రేకాన్ని అదుపు చేసే సహజమైన కళ్లెం ఒకటుంది. ఆ పని మందు చేస్తూపోతే మెదడు తన కళ్లెం వదులు చేసుకుంటుంది. మందు ఆగిన నాడు పట్టి ఆపేదేదీ ఉండదు. చేతులు వణుకుతయి, నిద్ర రాదు, లేనివి కనబడతయి, ఫిట్సు వస్తయి. ఆల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా దిగిపోయేది కనుక ఒకటి రెండు రోజుల్లోనే ఈ బాధ మొదలవుతుంది. పొద్దున్నే సీసా పడితేగాని కొడవలి పట్టలేని స్థితి అలా వస్తుంది.

2015 సెప్టెంబరులో జరిగింది ఇదే. ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు చేసింది. దాడులు తప్పని మేము అనడం లేదు. కాని ఆ మత్తుకు అలవాటుపడ్డ వేల మంది గతేమిటని ముందుగా ఆలోచించిన వారు లేరు. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఎంతోమందిని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తరలించారు, కొందరు ప్రాణాలు వదిలారు. 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రి మళ్లీ అలాంటి రోగులతో నిండింది. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగినవాళ్లు వాంతులు, విరేచనాలతో, కిడ్నీలు దెబ్బతిని నిమ్స్‌లో చేరారు. అక్కడా కొందరు చనిపోయారు.

నొప్పి గోలీల దారీ ఇదే. ట్రమడాల్ నల్లమందు జాతి మందు. 2018 ఏప్రిల్‌లో గాని దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తేలేదు. కేంద్రం ఎయిమ్స్ చేత చేయించి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో దాదాపు నూటికి ఒకరు ఈ జాతి గోలీలు వాడుతున్నారు. నిద్రగోలీలు వాడేవారూ ఇంచుమించు అంతే. మందు కల్లు తాగి, పైన నడుం నొప్పికి ట్రమడాల్ మింగితే ఊపిరి ఆగిపోయే ప్రమాదముంది. ఈ మాట ప్రతి కూలి ఇంటికీ చేరాలి.

చట్టాలు లేక కాదు. 1985 చట్టం కింద 100 గ్రాములకు మించి ఆల్ప్రాజోలం దొరికితే కనీసం 10 ఏళ్ల జైలు. ఈ రెండు మందులూ అమ్మే షాపు డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన లెక్క వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు తెరిచి చూసే అధికారి ఎక్కడున్నాడు? ఆబ్కారీ వారికి సీసాలు కనబడతయి, పొడి పంపిన ఫ్యాక్టరీ కనబడదు!

మానిపించే పద్ధతి డాక్టర్లకు తెలియనిది కాదు. నెమ్మదిగా దిగే డయజిపాం వంటి మందు ఇచ్చి, వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ పోవాలి. ఒక్కసారిగా ఆపరాదు. ఆత్మకూర్‌లో కూలి సంఘం కార్యకర్తలు చేయవలసిన పని ఒకటుంది. ఈసారి దాడులు మొదలయ్యేలోగా సర్కారు దవాఖానలో ఆ మందు, మంచాలు, ఫిట్సు వచ్చినవారిని వనపర్తికి చేర్చే అంబులెన్సు ఉన్నాయా అని జిల్లా వైద్యాధికారిని రాతపూర్వకంగా అడగాలి. జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోవాలి.