వేడి ఊటలో వైద్యం ఎంత?

బస్తర్ దక్షిణపు హద్దు దాటి భద్రాచలం వస్తే, దగ్గరలోని గుండాల వద్ద గోదావరి ఇసుకను తవ్వినచోట వేడినీరు ఊరుతుంది. అక్కడ అగ్నిపర్వతమేమీ లేదు. వాననీరు నేల లోతుల్లోకి ఇంకి, అక్కడి వేడికి కాగి, రాతి పగుళ్ల గుండా పైకి వస్తుంది. ఇలాంటి నీటిలో మునిగితే నొప్పులు తగ్గుతాయన్న నమ్మకం చాలా దేశాల్లో ఉంది. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తొందరపాటే.

ఇంగ్లండులోని బాత్ పట్టణంలో 1742లో తెరిచిన ఆసుపత్రి, వేడి ఊటల్లో స్నానం చేయించిన రోగుల్లో ఎవరికి నయమైందో, ఎవరికి కాలేదో రాసిపెట్టింది. సీసం విషానికి చేతులు చచ్చుబడినవారిలో చాలామంది కోలుకున్నారు. నమ్మశక్యంగా లేదు కదా! 1980లలో పరిశోధకులు మళ్లీ పరీక్షించారు. మెడలోతు నీటిలో కూర్చుంటే మూత్రంలో సీసం ఎక్కువగా బయటికి పోతోందని తేలింది. నీటి ఒత్తిడికి మూత్రపిండాలు చురుకవడమే కారణం. ఆ ఒత్తిడి చెరువు నీటికీ ఉంటుంది.

మన ఊటల దగ్గర కూడా ఇలాంటి లెక్కలు రాయాలి. ముందుగా నీటి వేడి ఎంతో, ఫ్లోరైడ్ ఎంతో గట్టున బోర్డు పెట్టాలి. వేడి ఊటల్లో ఫ్లోరైడ్ మోతాదు మించడం కద్దు. తీర్థమని దోసిలి పట్టేవారికి ఆ సంగతి ముందే తెలియాలి.