మితవాదమునకు పునాది

1959లో కాంగ్రెసు నాగపురమున సహకార వ్యవసాయ తీర్మానము చేయగా, తన పొలము తనకు మిగులునా యని రైతు కలతపడెను. ఆ యేటనే రాజాజీ ప్రేరణతో, రంగా అధ్యక్షతన స్వతంత్ర పక్షము జనించినది. 1967లో లోకసభయందు 44 స్థానములు గెలిచిన ఆ పక్షము 1974లో భారతీయ లోకదళమున లీనమైనది. మితవాదము ఈ దేశమునకు సరిపడదనుట పొరపాటు. రైతు పేర పుట్టిన పక్షము సంస్థానాధీశుల పలుకుబడిని నమ్ముకొన్నది, పల్లెలో వేరూనలేదు.

మరల అట్టి పక్షము పుట్టవలెనన్న కోటలో కాదు, మతద్వేషములో అసలే కాదు. ఎకరము నేలను, చిన్న దుకాణమును కాపాడుకొనువాని యింట పుట్టవలెను. నిలుపుకొనుటకేమియు లేని కూలివానికి ఉన్నదానిని నిలుపుకొమ్మని బోధించుట పరిహాసము. వానికిని కొంత నేల కలుగజేయుటయే నిజమైన మితవాది మొదటి పని.