బెర్లిను గోడయు మన చర్చాసభయు

ఈ సంవత్సరము మా పాఠశాల చర్చాసభలో సామ్యవాదము మేలా, ధనస్వామ్యము మేలా యను విషయముపై పై తరగతుల విద్యార్థులు వాదించిరి. ఇరుపక్షములవారును చక్కగానే మాటలాడిరి. కాని యొక పక్షమువారు మాటలాడునపుడు రెండవ పక్షమువారు తమ కాగితములను చూచుకొనుచుండిరే కాని చెవి యొగ్గి వినలేదు. ఎదుటివాని మాటలో నిజమెంత గలదో తెలిసికొనవలెనను కోరిక యెవ్వరియందును కానరాలేదు. ఇది మా పిల్లల లోపము మాత్రమే యైనచో ఈ సంచికలో దీనిని గూర్చి వ్రాయకయే పోవుదుము. ప్రపంచమును చిరకాలము రెండుగా చీల్చిన యీ వాదమునందు పెద్దలు చేసిన తప్పును ఇదియే యని మా యభిప్రాయము. అందులకు జర్మనీ రాజధానియగు బెర్లిను చరిత్రమే సాక్ష్యము.

కమ్యూనిజము కారణము లేక పుట్టినది కాదు. ఇంగ్లండులో ఆవిరియంత్రములు వచ్చిన పిమ్మట పసిబిడ్డలు సైతము మిల్లులలో ప్రొద్దు పొడిచినది మొదలు చీకటి పడువఱకు పని చేయుచుండిరి. తొమ్మిదేండ్లు నిండని పిల్లలను నూలుమిల్లులలో పనికి పెట్టరాదని 1833లో శాసనము చేయవలసి వచ్చినదనిన, అంతకుముందు స్థితి యెట్లుండెనో పాఠకులే యూహింపవచ్చును. అట్టి కాలమున కారల్ మార్క్సు, ఫ్రెడరిక్ ఎంగెల్సు అను నిరువురు జర్మనులు 1848లో లండనునుండి కమ్యూనిస్టు ప్రణాళికను ప్రకటించిరి. కష్టపడి సంపదను పుట్టించువాడొకడు, దానిని అనుభవించువాడు మఱియొకడు అనునదియే వారి నిందకు సారము.

ఈ నిందను ధనస్వామ్యదేశములు మొదట సహింపలేదు. బెర్లినునుండి జర్మనీని పాలించిన బిస్మార్కు మంత్రి 1878లో సామ్యవాదుల సభలను, పత్రికలను నిషేధించెను. అయినను వారి మాటలో నిజము లేకపోలేదని యాతడు గ్రహించెను. కావుననే 1883లో కార్మికులకు రోగభీమాను, 1884లో ప్రమాదభీమాను, 1889లో వృద్ధాప్యభృతిని ఏర్పఱచెను. ఇది దయచేత గాక భయముచేత చేసిన పనియే కావచ్చును. కాని భయపడియైనను శత్రువు మాటను వినినందువలన కార్మికుని యింటికి కొంత మేలు చేకూరెను.

1917లో రష్యాయందు విప్లవము జరిగి, కమ్యూనిస్టులు అధికారమునకు వచ్చిరి. వారు చదువురాని కోట్లకొలది జనులకు అక్షరములు నేర్పిరి. 1928లో మొదటి పంచవర్ష ప్రణాళికను ఆరంభించి, వ్యవసాయదేశమును కొద్దికాలములోనే యంత్రపరిశ్రమల దేశముగా మార్చిరి. కాని తమ్ము తప్పుపట్టు నోళ్ల నన్నిటిని మూసివేసిరి. రైతుల భూములను బలవంతముగా సమష్టిక్షేత్రములలో కలిపి, ధాన్యమును లాగికొనగా 1932, 1933 సంవత్సరములలో ఉక్రెయిను మొదలగు చోట్ల లక్షలాది జనులు అన్నము లేక మరణించిరి. ఆ సంగతిని ప్రకటింప నొక్క పత్రికకైనను ఆ దేశమున స్వాతంత్ర్యము లేకుండెను.

అదే కాలమున ధనస్వామ్యమునకును గొప్ప విపత్తు కలిగెను. 1929లో వ్యాపారము కుప్పకూలగా, 1933 నాటికి అమెరికాలో పనివారిలో నాలుగవ వంతు మందికి పని లేకపోయెను. కాని యచ్చటి ప్రజలు 1932లో ఓట్లతో అధ్యక్షుని మార్చిరి. 1935లో వృద్ధులకును నిరుద్యోగులకును ఆదరువుగా నొక చట్టమును సాధించిరి. రెండు విధానములును తప్పులు చేసినవే. తప్పును తప్పని చెప్పుటకు ఒకచోట తావుండెను, వేఱొకచోట లేకుండెను. భేదమిదియే.

రెండవ ప్రపంచయుద్ధానంతరము 1945లో బెర్లిను నగరమును నాలుగు రాజ్యములవారు పంచుకొనిరి. 1948 జూనులో సోవియటువారు పశ్చిమభాగమునకు త్రోవలన్నియు మూసివేసిరి. ఇరువది లక్షలకు పైబడిన జనులకు బొగ్గును, పిండిని, పాలపొడిని సుమారొక సంవత్సరకాలము విమానములే మోసికొని వచ్చెను. అమెరికా వైమానికుడొకడు చేతిరుమాళ్లను చిన్న గొడుగులుగా కట్టి పిల్లలకు మిఠాయిలు జారవిడిచెననిన మా చిన్న తరగతులవారు సంతోషింతురు. 1949 మే నెలలో ఆ దిగ్బంధము తొలగెను. అదే సంవత్సరము జర్మనీ రెండు రాజ్యములయ్యెను.

తూర్పు రాజ్యము కార్మికుల రాజ్యమని పేరు పెట్టుకొనెను. కాని 1953 జూనులో, కూలి పెంచకయే పని పెంచినారని తూర్పు బెర్లినులోని తాపీపనివారు మొదలగువారు వీథులకు రాగా, వారిని సోవియటు టాంకులతో అణచిరి. కార్మికుని మొఱను కార్మికరాజ్యమే వినదేని ఇక వినువారెవ్వరు? నాటినుండి 1961 వఱకు, ముందు వెడలినవారితో కలిపి, సుమారు 27 లక్షల మంది తూర్పును విడిచి పశ్చిమమునకు పోయిరి. వారేల పోవుచున్నారో అడుగుటకు మాఱుగా ప్రభుత్వమువారు 1961 ఆగస్టు 13న ముండ్లతీగలు పఱచి, పిమ్మట గోడ కట్టిరి. పశ్చిమ బెర్లిను చుట్టును దాని పొడవు 155 కిలోమీటర్లు. దానికడ 140 మందికి తక్కువ గాకుండ ప్రాణములు కోల్పోయిరి. శత్రువులు లోనికి రాకుండ కట్టితిమని వారు చెప్పిరి. తుపాకులు మాత్రము లోపలినుండి వెలికి పోవువారిపైననే పేలినవి. ఇరువదియెనిమిదేండ్ల పిదప 1989 నవంబరు 9వ తేది రాత్రి జనప్రవాహమున కెదురు నిలువలేక కావలివారే ద్వారములు తెఱచిరి. 1990లో జర్మనీ యేకమయ్యెను. 1991లో సోవియటు రాజ్యమే అంతరించెను.

గోడ కూలినంతమాత్రమున ధనస్వామ్యమే నిర్దోషియని తీర్పు చెప్పరాదు. 1950 ప్రాంతమున అమెరికాలో కమ్యూనిస్టులను అనుమానము మీదనే ఉపాధ్యాయులును సినిమారచయితలును ఉద్యోగములు పోగొట్టుకొనిరి. చెవులు మూసికొనుట యొక పక్షమునకే చెల్లినది కాదు. జర్మనీ కలిసిన పిమ్మట తూర్పుభాగమున అనేక కర్మాగారములు మూతపడి, పనియు జీతమును తప్పక దొరకునని నమ్మినవారు వీథిని పడిరి. మార్క్సు అడిగిన ప్రశ్న నేటికిని నిలిచియే యున్నది. మన తెలుగుదేశమునకును అది దూరపు మాట కాదు. 1946 మొదలు 1951 వఱకు తెలంగాణమున కమ్యూనిస్టుల నాయకత్వమున రైతులు పోరాడుటకు వెట్టిచాకిరియు, దొరల భూస్వామ్యమును మూలకారణములు. ఆకలిగొన్నవాని మాట ఎవరును విననపుడు వాడు ఆయుధము పట్టుట వింత గాదు.

కావున మేము గ్రహించిన దేమనగా: తన్ను నిందించువానిని మాటలాడనిచ్చు విధానము తప్పులు చేసియు దిద్దుకొనగలదు, వానికి అడ్డుగా గోడ కట్టునది ఎంత మంచి యాశయముతో పుట్టినను చెడును. బీదవానికి అన్నము కావలెను. ఆ యన్నము చాలలేదని చెప్పుటకు నోరును కావలెను. ఒకదానికై రెండవదానిని విడువుమని చెప్పువారు ఏ పక్షమువారైనను నమ్మదగినవారు కారు.

రాబోవు సంవత్సరము మన చర్చాసభలో ఒక క్రొత్త నియమము పెట్టవలెనని మా మనవి. ప్రతి వక్తయు తన వాదమును మొదలుపెట్టుటకు ముందు ఎదుటి పక్షమువారి వాదమును, వారు ఔనని తల యూపునట్లు చెప్పవలెను. అట్లు చెప్పలేనివానికి మార్కులీయరాదు. తల్లిదండ్రులును ఇంటియొద్ద భోజనవేళ ఈ నియమమునే పాటించి చూతురుగాక. రాజ్యముల మధ్య గోడలు కట్టువారు ఒకనాడు మనవంటి పాఠశాలలలో కూర్చున్న బాలురే గదా!