గీత దాటితే ఔటే, కాని ఏ గీత?

సంక్రాంతికి, దసరాకు వరంగల్ ప్రాంత పల్లెల్లో కబడ్డీ పోటీలు పెట్టడం ఆనవాయితీ. యువకులు చందాలు పోగుచేసి, పొరుగూళ్ళ జట్లను పిలిచి ఆడించడం హర్షించదగిన విషయం. అయితే ఆట మధ్యలో ఆగిపోయి, రెండు ఊళ్ళవారు బరిలోకి దిగి వాదులాడుకోవడం కూడా ఆనవాయితీ కావడమే విచారకరం. తగాదా చాలాసార్లు ఒక్కటే: ఆటగాడు గీత దాటాడా, లేదా? దాటినవాడు తిరిగి వచ్చి పట్టిన పట్టు చెల్లుతుందా?

నిజానికి ఈ విషయంలో నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. పురుషుల బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. ఆ వెడల్పులోనే ఇరువైపులా మీటరు చొప్పున లాబీలు ఉంటాయి. కూతకు వచ్చినవాడికీ, ఎదుటి జట్టుకూ తాకిడి జరిగి పెనుగులాట మొదలైతేనే లాబీ బరిలో భాగమవుతుంది. అంతవరకు అది బయటి నేల కిందే లెక్క. హద్దు దాటి బయట కాలు మోపినవాడు ఔట్. అలా బయటికి వెళ్ళినవాడు వచ్చి కూతగాణ్ణి పట్టుకుంటే ఆ పట్టు చెల్లదు. కూతగాడు ఔట్ కాడు, పట్టినవాడే ఔట్. పెనుగులాటలో మాత్రం ఒంట్లో ఏ భాగమైనా హద్దు లోపలి నేలను తాకుతూ ఉంటే అతడు బయటపడినట్టు కాదు.

బాస్కెట్‌బాల్‌లో బయటికి పోయినవాడు లోపల కాలు మోపి మళ్ళీ బంతిని అందుకోవచ్చు. అయితే బయట నుంచి ఎగిరి గాలిలో బంతిని ముట్టినా బయట ఉన్నట్టే. కబడ్డీలో ఆ వెసులుబాటు లేదు. ఔటైనవాడు తన జట్టు ఎదుటివారిని ఔట్ చేసినప్పుడే, తన వరుస వచ్చాకే బతికి లోపలికి రావాలి. అందుకే ఇక్కడ గీత విలువ ఎక్కువ.

ఇది పల్లెటూరి తగాదా మాత్రమే అనుకుంటే పొరపాటు. 2023 అక్టోబరు 7న చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల ఫైనల్. భారత్, ఇరాన్ 28-28తో సమంగా ఉన్నాయి. భారత కెప్టెన్ పవన్ సెహ్రావత్ కూతకు వెళ్ళి ఎవరినీ తాకకుండానే లాబీలోకి పోయాడు. అతని వెంట ఇరాన్ ఆటగాళ్ళూ లాబీలోకి వచ్చారు. పాత నిబంధన ప్రకారం వెంట వచ్చినవారు కూడా ఔట్. కొత్త నిబంధన ప్రకారం కూతగాడొక్కడే ఔట్. ఏది వర్తిస్తుందన్న వాదనతో తీర్పు పలుమార్లు మారింది, ఆట దాదాపు గంటసేపు నిలిచిపోయింది. చివరకు భారత్ 33-29తో గెలిచింది. ఆసియా స్థాయి పోటీలోనే ఇంత గందరగోళమైతే, లాబీ గీతే గీయని ఊరి బరిలో ఏమి జరుగుతుందో చెప్పనక్కరలేదు. గొంతు పెద్దదైన ఊరిదే గెలుపు!

దీనివల్ల నష్టపోయేది ఆటగాళ్ళే. లాబీ లేని బరిలో ఆడి అలవాటుపడిన కుర్రవాడు జిల్లా స్థాయి ఎంపికలకు వెళ్ళి, తెలియక లాబీలో కాలు పెట్టి ఔటవుతాడు. వాడి సత్తాలో లోపం లేదు. వాడికి గీత చూపినవారే లేరు.

2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు ఏర్పాటు చేసే కార్యక్రమం మొదలైంది. స్థలం ఉన్నచోట సున్నంతో నాలుగు హద్దులూ, మధ్యగీతా, లాబీలూ కొలిచి గీయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పోటీకి ముందే ఏ నిబంధనలు పాటిస్తారో మైకులో చదివి వినిపించాలి. హద్దుల వద్ద ఏ జట్టుకూ చెందని ఇద్దరిని నిలబెట్టాలి. బడి వ్యాయామోపాధ్యాయుని సలహా తీసుకోవాలి. తీర్పు చెప్పాక పెద్దలు బరిలోకి దిగరాదు.

రానున్న పండుగ పోటీలకైనా నిర్వాహకులు బహుమతుల కంటే ముందు సున్నం తట్ట సిద్ధం చేసుకోవడం మంచిది.